పదకొండు మూరల గండెమ్మ

తిప్పక్కకు యాభై నాలుగేళ్లు; ఏ బావి నీళ్లయినా ముందు ఒక గుక్క నోట్లో పోసుకుని పుక్కిలించి ఉమ్మితే గాని పనికి వాడేది కాదు. ఈ మాట మొదటే చెప్పడానికి కారణం ఉంది. ఇక్కడికి వచ్చే యాత్రికుల్లో సగం మంది గండిలో నిలబెట్టిన రాయిని తిప్పక్క అనుకుని మొక్కుతున్నారు. ఆ రాయి గండెమ్మ తల్లి. తిప్పక్క దేవత కాదు. సున్నపు గానుగ దగ్గర గచ్చు కలిపే వడ్డె ఆడమనిషి. ఆమెకు దండలు వేయనక్కర లేదు. బతికి ఉండగా ఎవరూ వేయలేదు, ఇప్పుడు వేస్తే ఆమెకు ఒరిగేదీ లేదు.

గండిగోడ క్షేత్రం బస్సు ఆగే చోటు నుంచి అరగంట నడక. తూర్పున గుమ్మనగుడ్డం, పడమర హిరేకల్లు, నడుమ కుక్కగుట్ట నుంచి దక్షిణంగా మూడు కోసుల రాతిగోడ. రెండు నిలువుల ఎత్తున్న ఆ గోడ జాలివంక అనే వాగు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది. పదకొండు మూరల అవతల మళ్లీ మొదలవుతుంది. ఆ మధ్య భాగం కూలిపోయిందని కొందరు గైడ్లు చెబుతున్నారు. అది తప్పు. అక్కడ గోడ కట్టనే లేదు. ఆ ఖాళీలో, ఉత్తరపు ఒడ్డున, రొమ్మెత్తు ఉన్న గుండ్రటి గానుగ రాయి నిలబెట్టి ఉంటుంది. నడుమ ఉన్న తొర్రలో దీపం పెడతారు. గుడి లేదు, గోపురం లేదు, హుండీ కూడా లేదు. పూజ చేసేది ఆడవాళ్లు.

ఈ గండిలో నుంచి ఆడవాళ్లు ఆగకుండా నడిచి వెళ్లిపోవచ్చు. మగవాళ్లు ఆగాలి. రాయి పక్కన కూర్చున్న పూజారమ్మ వాళ్లను మూడు ప్రశ్నలు అడుగుతుంది. నువ్వు ఎవరి మనిషివి? ఎందుకు పోతున్నావు? ఎప్పుడు తిరిగొస్తావు? ఎక్కువ మంది మొదటి ప్రశ్న దగ్గరే చిక్కుకుంటారు. ఊరు చెబుతారు, కులం చెబుతారు, ఉద్యోగం చెబుతారు. అవేవీ ఇక్కడ చెల్లవు. తనను ఎరిగిన ఒక ఆడమనిషి పేరు చెప్పాలి. రెండేళ్ల కిందట ఒక పెద్దమనిషి "మా ఇంటిదాని తాలూకు" అని మూడుసార్లు అన్నాడు. పేరు చెప్పమని పూజారమ్మ కదలకుండా కూర్చుంది. నాలుగోసారి ఆయన గొంతు సవరించుకుని పేరు చెప్పేసరికి, వెనక నిలబడి ఉన్న ఆయన భార్య "ముప్పై ఏళ్లకు విన్నాను" అని పక్కామెతో అన్నది. రెండో ప్రశ్నకు ఉపన్యాసం ఇవ్వబోయిన ఒక ఆచార్యుణ్ణి వరుస చివరికి పంపించారు.

ఈ ఆచారం ఎందుకు వచ్చిందో తెలుసుకోగోరే వారి కోసం ఆ కథ ఇక్కడ వివరిస్తున్నాము.

పూర్వం ఇక్కడ గోడ లేదు. సరిహద్దు ఉన్నదని అందరికీ తెలుసు గాని, ఎక్కడ ఉన్నదో ఎవరికీ తెలియదు. గుమ్మనగుడ్డం బావుల్లో నీళ్లు ఉప్పన కాబట్టి అక్కడి ఆడవాళ్లు తాగే నీళ్లకు హిరేకల్లు తియ్యబావికి వెళ్లేవారు. హిరేకల్లులో కట్టెలు లేవు కాబట్టి అక్కడి ఆడవాళ్లు ఇటు కుక్కగుట్టకు వచ్చేవారు. దారిలో ఇద్దరూ బిందెలూ మోపులూ దించుకుని కాసేపు కూర్చునేవారు. అట్లా కూర్చున్న చోట్లనే పెళ్లిళ్లు కూడా కుదిరేవి. తిప్పక్క తన ఒక్కగానొక్క కూతురు ఉలిగెమ్మను హిరేకల్లుకు అట్లాగే ఇచ్చింది.

గుమ్మనగుడ్డానికి పాళెగాడు హంపన్న నాయకుడు. ఆయన భార్య చెన్నాజమ్మ కూడా హిరేకల్లు ఆడపడుచే, అక్కడి పాళెగాడికి స్వయానా చెల్లెలు. హంపన్న నాయకుడు మాట తూలినప్పుడల్లా ఆమె రెండు చీరలు మూటగట్టుకుని పుట్టింటికి నడిచిపోయేది. పుట్టిల్లు రెండు కోసులే. ఆయన కోపం దిగి వెనక్కి తిరిగి చూసేసరికి ఆమె అక్కడ అన్నం తింటూ ఉండేది. ఆ సంవత్సరం ఆమె అట్లా వెళ్లడం మూడోసారి. బంధువులందరూ విస్తళ్ల ముందు కూర్చున్నప్పుడు, హిరేకల్లు వాళ్లకు వచ్చినవాళ్లను ఆదరించడం తెలియదని ఆయన అన్నాడు. ఆమె చేతిలోని గరిట కింద పెట్టి వెళ్లిపోయింది. ఆ పూట విందులో ఎవరికీ ఉప్పు వడ్డించలేదు. ఉప్పు ఎక్కడ ఉందో ఆమెకు తప్ప కోటలో ఎవరికీ తెలియదు.

భార్య పుట్టింటికి పోకుండా గోడ కట్టిస్తానని ఏ పాళెగాడూ చాటింపు వేయించలేడు. అందుచేత హిరేకల్లు వేగులవాళ్లు ఎక్కువయ్యారని, దేశానికి ముప్పు వచ్చిందని, కుక్కగుట్ట నుంచి దక్షిణపు బోడిగుట్ట దాకా గోడ కడుతున్నామని చాటింపు వేశారు. ప్రధాని వెంకోబయ్యకు పని అప్పగించారు. ఆయన శ్రద్ధ గలవాడు, చేతిరాత ముత్యాల్లా ఉండేది. గోడను మాత్రం అంతకు ముందు ఎప్పుడూ దగ్గరగా చూడలేదు.

మొదటి చిక్కు సరిహద్దు ఎక్కడ అన్నది. దస్తరం తీస్తే అందులో "ఎర్రావు పడుకునే బండ నుంచి తిన్నగా" అని ఉంది. ఆ ఆవు చచ్చి అరవై ఏళ్లయింది. అది ఏ బండ మీద పడుకునేదో నలుగురు ముసలివాళ్లు నాలుగు బండలు చూపించారు. వెంకోబయ్య నాలుగింటికీ నడిమిగా ఉన్న చోటు ఎంచుకుని, అక్కడ నుంచి ముగ్గుపిండితో గీత వేయించాడు. మర్నాడు పొద్దున వచ్చి చూస్తే గీత లేదు. తెల్లవారుజామున మూడు వందల గొర్రెలు దాని మీదుగా మేతకు వెళ్లాయి. గీత వాటి కాళ్లకు అంటుకుని హిరేకల్లు పొలాల్లోకి పోయింది. అక్కడి కాపులు తెల్లటి డెక్కల గుర్తులు చూసి, గుమ్మనగుడ్డం వాళ్లు భూమి ఆక్రమించారని తకరారు పెట్టారు.

రెండోసారి కొయ్యలు పాతి, తాడు లాగారు. తాడు ఒక కుమ్మరి ఇంట్లో నుంచి పోయింది. పొయ్యి హిరేకల్లులో పడింది, మంచం గుమ్మనగుడ్డంలో పడింది. ఏ దేశంలో ఉంటావో తేల్చుకోమని వెంకోబయ్య కుమ్మరిని అడిగితే, ఆయన భార్య లోపలి నుంచే జవాబు చెప్పింది. తాను పొయ్యి ఉన్న దేశంలో ఉంటుందట, ఆయన మంచం ఉన్న దేశంలో ఉండవచ్చునట, ఆకలైనప్పుడు అనుమతి పత్రం తెచ్చుకోవచ్చునట. కుమ్మరి రెండు చేతులూ జోడించాడు. ఆ ఇంటి దగ్గర గోడ ఈనాటికీ మోచేయిలాగా వంగి ఉంటుంది. యాత్రికులు చూడవచ్చు.

తరువాతి చిక్కు రాయి. గుమ్మనగుడ్డం వైపు ఉన్నది పొరలు పొరలుగా ఊడే రాయి, సమ్మెట దెబ్బకు పొడి అవుతుంది. మంచి రాయి గుట్ట హిరేకల్లులో ఉంది. శత్రుదేశాన్ని దూరంగా ఉంచడానికి శత్రుదేశపు రాయి కావాలి. వెంకోబయ్య మొహమాటపడుతూనే కబురు పంపాడు. హిరేకల్లు పాళెగాడు ఎన్ని బండ్లు కావాలన్నా తోలుకుపొమ్మన్నాడు. గోడ ఎవరు కట్టినా తన వైపు కూడా గోడే కదా అని ఆయన ఆలోచన. పైగా రాయి చెక్కే వడ్డెవాళ్లలో సగం మంది హిరేకల్లు వాళ్లు, మిగతా సగం వాళ్ల బావమరదులు. కాబట్టి గోడ ఎంత ఎత్తు లేచినా బండ్లు తిరిగేందుకు వంక దగ్గర దారి వదలవలసి వచ్చింది. దేశరక్షణ కోసం దేశం తలుపు పగలంతా బార్లా తెరిచి ఉండేది.

ఆపైన నీళ్లు. తిప్పక్క ఈ కథలోకి వచ్చేది ఇక్కడే.

రాయికీ రాయికీ మధ్య పట్టు గచ్చుది. సున్నం, ఇసుక గానుగలో పోసి, ఎద్దు చేత రాతి చక్రం తిప్పించి, నీళ్లు చిలకరిస్తూ వెన్నలా వచ్చేదాకా నలగగొట్టాలి. ఆ పని తిప్పక్కది. గుమ్మనగుడ్డం బావి నీళ్లు కడవతో తెచ్చి పెట్టగానే ఆమె ఒక గుక్క పుక్కిలించి ఉమ్మి, ఈ నీళ్లు పనికిరావని చెప్పింది. ఉప్పు నీళ్లతో కలిపిన గచ్చు ఆరాక పూత పూసి పొడిపొడిగా రాలిపోతుంది. తియ్యబావి నీళ్లు తెప్పించాలి. వెంకోబయ్య ఆమెకేసి కాక మేస్త్రికేసి చూసి, గుమ్మనగుడ్డం గోడకు గుమ్మనగుడ్డం నీళ్లే వాడాలని, నీళ్లకు కూడా కొంత రాజభక్తి ఉండాలని అన్నాడు. మేస్త్రికి నిజం తెలుసు. కాని ఆయన్ను ఎవరూ అడగలేదు, ఆయన తనంతట చెప్పలేదు.

ఉప్పు నీళ్లతో ఎనభై బారల గోడ లేచింది. నెల తిరిగేసరికి దాని మీద తెల్లగా బూజు పట్టినట్టు పూత వచ్చింది. ఒక మధ్యాహ్నం ఒక మేక ఆ గోడకు వీపు రుద్దుకుంది. ఎనభై బారలూ పడుకున్నాయి. మేకకు ఏమీ కాలేదు. అది హిరేకల్లు మేక అని తేలడంతో శత్రువుల కుట్ర అని దస్తరంలో రాసుకున్నారు. అయినా మర్నాటి నుంచి పన్నెండు మంది ఆడవాళ్లను తియ్యబావి నీళ్లకు పంపడం మొదలుపెట్టారు. పంపమని ఎవరు చెప్పారో దస్తరంలో రాసుకోలేదు.

నీళ్లకు పోయే ఆడవాళ్లకు ఉత్తర్వులు కట్టుదిట్టంగా ఉండేవి. వంక దారి దగ్గర కావలివాడు ప్రతిసారీ మూడు ప్రశ్నలు అడగాలి. ఎవరి మనిషివి, ఎందుకు పోతున్నావు, ఎప్పుడు తిరిగొస్తావు. ఒక్కతె తిరిగి రాకపోయినా మిగిలిన పదకొండు మందికీ ఆ రోజు సంగటి పెట్టరు. కాబట్టి అవతల పుట్టిల్లున్నవాళ్లు కూడా తిరిగి వచ్చేవారు. పన్నెండు మంది, మనిషికి రోజుకు పది కడవలు, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ మూడేసి ప్రశ్నలు. కావలివాడు బసప్ప అడగగా అడగగా మధ్యాహ్నానికి గొంతు పోయి, సైగలతో అడిగేవాడు. ఆడవాళ్లు సైగలతోనే జవాబు చెప్పేవారు. ఆ సైగల్లో కొన్ని ఇక్కడ వర్ణించడం క్షేత్ర మర్యాదకు తగదు.

బసప్ప తిప్పక్క మరిది కొడుకే. ఒకనాడు ఆమె కొత్త సున్నం బట్టీ చూడడానికి గీత దాటబోతే అతను బల్లెం అడ్డం పెట్టాడు.

"ఎవరి మనిషివి?"

"నీకు మొలతాడు కట్టినదాన్ని."

"అట్ల చెప్పగూడదు పెద్దమ్మా. మొగుని పేరు చెప్పల్ల."

"మీ పెదనాయన చచ్చి ఏడేండ్లాయె. పాడె మోసినోనివి నువ్వే గదరా."

మొగుడు లేనివాళ్ల విషయంలో ఏం చేయాలో ఉత్తర్వులో లేదు. బసప్ప ఆమెను వెనక్కి పంపించి, పైవాళ్లను అడిగి చెబుతానన్నాడు. పైవాళ్లు ఆలోచించి, గోడ పూర్తయ్యాక అమలయ్యేట్టు కొత్త ఉత్తర్వు రాశారు. మగతోడు లేని ఆడది సరిహద్దు దాటరాదు. మగతోడు ఉన్నా ప్రతి మనిషీ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. వెంకోబయ్య చేతిరాతలో ఉత్తర్వు చాలా అందంగా వచ్చింది.

అది చదివి వినిపించిన రోజు తిప్పక్క గానుగ దగ్గర ఎద్దును ఆపేసింది. అవతల ఉలిగెమ్మకు ఏడో నెల. అంతకు ముందు రెండు కాన్పులు పోయాయి. రెండుసార్లూ తల్లి అందుకోలేకపోయింది, వేరే ఊళ్లో పనిలో ఉంది. ఈసారి కాళ్లు వాచి, బండి ఎక్కించి కదిలించరాదని మంత్రసాని చెప్పింది. అత్త లేదు. మొగుడు రాళ్లబండి తోలుతూ వారాల తరబడి ఇంటికి రాడు. ఉలిగెమ్మ నీళ్ల ఆడవాళ్లతో ఒకే మాట పంపింది: "అమ్మ పక్కనుంటే గట్టెక్కుతా. లేకుంటే ఈతూరి నేనూ ఉండను." గోడ పూర్తి కావడానికి నెలన్నర పడుతుందని మేస్త్రి లెక్క. ఇప్పుడే నీళ్ల ఆడవాళ్లతో పోయి అక్కడే ఉండిపోతే మిగిలినవాళ్ల సంగటి పోతుంది; గోడ లేచాక తిప్పక్కకు దారి లేదు. మొగుడు లేడు, కొడుకు లేడు.

గోడలో ఒక ఖాళీ మిగలాలి. అది మొదటి పని. అందుకు తిప్పక్క దగ్గర నిజమైన కారణమే ఉంది. జాలివంక తూర్పు నుంచి పడమరకు పారుతుంది. వంకకు అడ్డంగా గోడ మూసేస్తే వానాకాలం నీళ్లన్నీ గుమ్మనగుడ్డం వైపే నిలిచి కోటలోకి ఎక్కుతాయి. ఈ మాట ఆమె మేస్త్రికి చెప్పింది. మేస్త్రి అవునన్నాడు, తనను ఎవరూ అడగలేదన్నాడు. వెంకోబయ్యకు చెప్పింది. గచ్చు కలిపేదానికి వంకల సంగతి ఎందుకని ఆయన అడిగాడు. మూడోసారి వంక ఒడ్డు మీద పాత వరద గుర్తులు, చెట్ల మొదళ్లకు పట్టిన చెత్త చూపించి చెప్పింది. ఆయన తన నెత్తిన గొడుగు పట్టినవాడితో ఎండ ఎక్కువగా ఉందని అన్నాడు.

నాలుగోసారి ఆమె చెప్పలేదు. పొద్దున్నే తలారా స్నానం చేసి, పసుపు పూసుకుని, తడి చీరతో వచ్చి, ఎద్దును విప్పేసి గానుగ రాయి మీద ఎక్కి కూర్చుంది. పనివాళ్లందరూ పని ఆపి చుట్టూ మూగారు. వెంకోబయ్య కోపంగా వచ్చాడు. తిప్పక్క కళ్లు మూసుకుని, కలలో అమ్మవారు కనిపించి జాలివంక తన దారి అని చెప్పిందని, తన దారిలో గోడ కడితే కోటలో ఈత కొట్టవలసి వస్తుందని చెప్పిందని అన్నది. నిన్నటి దాకా అదే మాట వినని వెంకోబయ్య వెంటనే చెప్పులు విప్పి, చేతులు జోడించాడు.

"తల్లీ, ఎంత వదలమన్నావు?"

"తొమ్మిది మూరలు."

"ఆరు చాలదా తల్లీ?"

"పది."

"అది కాదమ్మా, దేశరక్షణ సంగతి గూడ ఒకపక్క..."

"పదకొండు."

వెంకోబయ్య మళ్లీ నోరు తెరవబోతే మేస్త్రి ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టి పక్కకు తీసుకుపోయాడు. ఆ పదకొండులో తొమ్మిది మూరలు వంక నీళ్లకు, రెండు మూరలు వెంకోబయ్య నోటికి అని ఈ ప్రాంతపు మేస్త్రులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

తిప్పక్కకు నిజంగా కల వచ్చిందా అని అడిగే యాత్రికులు ఉన్నారు. ఆమె దాని గురించి ఎవరికీ ఏమీ చెప్పలేదు. అమ్మ చెప్పిన మాటలో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. ఆ ఏడు వచ్చిన వరద సరిగ్గా గండిలో నుంచే పోయింది, కోటలో గుర్రాలు పొడిగా ఉన్నాయి. ఆడమనిషి నోట వచ్చినప్పుడు పనికిరాని మాట, అమ్మవారి నోట రాగానే పనికి వచ్చింది. అమ్మ మహిమ ఇంతకన్నా వేరే చూపించనక్కర లేదు.

హంపన్న నాయకుడు మాత్రం గండి ఉండనిచ్చి, మనుషులను దాటనివ్వలేదు. అమ్మకూ వంకకూ దారి ఉంటుంది, ఆడవాళ్లకు ఉండదు అన్నాడు. గోడ పూర్తయిన రోజు గుమ్మనగుడ్డం కూలీలందరినీ తూర్పు వైపుకు తోలి తలలు లెక్కపెట్టారు. గానుగ రాయిని వెనక్కి మోసుకుపోయే ఓపిక ఎవరికీ లేదు. అమ్మ పలికిన రాయి కాబట్టి దాన్ని గండిలోనే నిలబెట్టి, కుంకుమ పెట్టి, పక్కన బసప్పను నిలబెట్టారు. కొత్త ఉత్తర్వు అమలయింది.

తొమ్మిదో రోజు పొద్దున అవతలి నుంచి ఒక గొర్రెల కాపరి కేక వేసి చెప్పాడు. ఉలిగెమ్మకు నొప్పులు మొదలయ్యాయి. తిప్పక్క కడవ చంకన పెట్టుకుని గండి దగ్గరికి పరుగెత్తింది. బసప్ప బల్లెం అడ్డం పెట్టి ఏడ్చాడు. ఆమెను వదిలితే తన తల పోతుందని, తోడుగా తాను వద్దామంటే కాపలా వదిలినందుకూ అదే తల పోతుందని చెప్పాడు. మగతోడు ఎవరైనా సరే, ఒక్క మగవాణ్ణి తెచ్చుకోమని బతిమాలాడు. ఆమె ఊళ్లోకి వెళ్లి ఐదిళ్లు తట్టింది. కోటకు భయపడి ఎవరూ రాలేదు. తిరిగి వచ్చి రాయికి ఆనుకుని కూర్చుంది. ఎండ నడినెత్తికి వస్తున్నది.

అప్పుడే గొంగళి కప్పుకుని, ముఖం కనిపించకుండా తలపాగా కిందికి లాక్కున్న ఒక మనిషి గండి దగ్గరికి వచ్చాడు. గొంగళి కొత్తది. చెప్పులకు వెండి పువ్వులు ఉన్నాయి. తలపాగా కింద నుంచి మీసం రెండు వైపులా బయటికి వచ్చింది. ఆ మీసం ఎవరిదో గుమ్మనగుడ్డంలో పసిపిల్లలకు కూడా తెలుసు.

హంపన్న నాయకుడు అప్పటికి ఎనిమిది నెలలుగా సరిగా అన్నం తినలేదు. ఉప్పు దొరికింది గాని, ఊరుబిండి పచ్చడి జాడీలు దొరకలేదు. చెన్నాజమ్మకు ఆరు జాబులు రాయించాడు. ప్రతి జాబులోనూ దేశరక్షణ ప్రస్తావన ఉండడంతో ఆమె జవాబు ఇవ్వలేదు. తానే వెళ్లి అడుగుదామని బయలుదేరాడు. ఆ సంగతి పైకి తెలిస్తే మూడు కోసుల గోడ ఎందుకు కట్టినట్టో జనానికి అర్థమైపోతుంది.

బసప్ప ఇరకాటంలో పడ్డాడు. ఎదురుగా ఉన్నది దొర అని తెలిసినట్టు కనిపిస్తే దొర మారువేషం చెడిపోతుంది. తెలియనట్టు ఉంటే ఉత్తర్వు ప్రకారం ప్రశ్నలు అడగాలి. కళ్లు మూసుకుని అడిగాడు.

"ఎవరి మనిషివి? ఎందుకు పోతాండావు? ఎప్పుడొస్తావు?"

గొంగళి మనిషి తలపాగాను ఇంకాస్త కిందికి లాక్కున్నాడు. రాజ్యంలో ఆ ప్రశ్నలకు జవాబు చెప్పలేని మగవాడు ఆయనొక్కడే అయ్యాడు. పోనీ వెనక్కి తిరుగుదామంటే రాళ్ల మీద బట్టలారేస్తున్న ఆడవాళ్లు అందరూ చేతిలో పని ఆపి చూస్తున్నారు.

తిప్పక్క లేచి కొంగు బిగించింది. "మా మనిషే," అన్నది. "నా కూతురు కానుపుకు పోతాండాం. నీళ్లు మోసేకి నాకు మనిషి గావల్ల. బిడ్డ బయటపడినంక వస్తాం." గొంగళి వైపు తిరిగి నెమ్మదిగా, ఆయనకు మాత్రమే వినిపించేట్టు, "నువ్వు నాకు మగతోడు, నేను నీకు జవాబు. నడు నాయనా," అన్నది.

బసప్ప బల్లెం తీశాడు. అంత ఆనందంగా అతను మళ్లీ ఎప్పుడూ బల్లెం తీయలేదట. తిప్పక్క ముందు నడిచింది. ఆమె కడవ దొర భుజం మీద ఉంది. నీళ్లకు పోయే మనిషి ఖాళీ చేతులతో పోతే ఎవరైనా అనుమానిస్తారని ఆమె దాన్ని అక్కడే ఆయన మీద పెట్టింది.

ఉలిగెమ్మ ఇల్లు తియ్యబావికి పక్కనే. గోడకు ఆనుకుని, నోట్లో గుడ్డ కుక్కుకుని ఉన్న కూతురు తల్లిని చూసి గుడ్డ తీసేసింది. "వచ్చినావా," అన్నది. అంతవరకు బిగబట్టుకున్నది అప్పుడు గట్టిగా అరిచింది.

దొర ఆ పూట నలభై చేదలు తోడాడు. కట్టెలు విరవమంటే కాలితో తొక్కి విరవబోయి కింద పడ్డాడు. పొయ్యి ఎట్లా వెలిగించాలో తెలియక మూడుసార్లు ఆర్పేశాడు. నాలుగోసారి ఊదబోయి మీసం ఒక పక్క కొంచెం కాల్చుకున్నాడు. వాకిట్లో చేరిన ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఆయనకు అన్నీ నేర్పించారు. నీళ్లు చల్లారాయని ఒకామె, ఎసరు పొంగుతున్నదని ఇంకొకామె కసిరారు. ఈ చేతగానివాణ్ణి ఎక్కడ పట్టుకొచ్చావు తిప్పక్కా అని ఒక ముసలామె అడిగితే, లోపలి నుంచి "కొత్తగా పనిలోకి వచ్చినాడు, నేర్చుకుంటాడులే," అని జవాబు వచ్చింది. మధ్యలో ఒకసారి లోపల అరుపులు ఆగిపోయి చాలాసేపు ఏమీ వినిపించలేదు. ఆడవాళ్లు కసరడం మానేశారు. దొర చేద తాడు పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. తాను కట్టించిన గోడ ఎంత పొడవో అప్పుడు మొదటిసారి ఆయనకు తెలిసిందని పెద్దలు చెబుతారు.

పొద్దు వాలుతుండగా బిడ్డ ఏడ్చింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం.

తిప్పక్క చేతులు కడుక్కుని బయటికి వచ్చి, ముఖం కడుక్కోమని దొరకు చెంబుతో నీళ్లిచ్చింది. ఆయన ఏమో చెప్పబోయాడు. ఆమె వినలేదు. "నీ పెండ్లాం కాడ దేశరక్షణ మాట ఎత్తొద్దు," అని చెప్పి లోపలికి పోయింది.

ఒక పక్క కాలిన మీసంతో, మసి చేతులతో వచ్చిన భర్తను చెన్నాజమ్మ వాకిట్లోనే నిలబెట్టింది. ఎవరి మనిషివని అడిగింది. నీ మనిషినే అన్నాడు. ఎందుకు వచ్చావని అడిగింది. ఆ రోజు విందులో అన్న మాట తప్పని చెప్పడానికి అన్నాడు. ఎప్పుడు తిరిగి పోతావని అడిగింది. నువ్వు ఎప్పుడంటే అప్పుడు అన్నాడు. ఆమె ఆయనను నెల రోజులు అక్కడే ఉంచి, కోటలో జాడీలు ఎక్కడ ఉన్నాయో చెప్పి, పప్పు వండడం నేర్పించి, అప్పుడు వెంటబెట్టుకుని వచ్చింది. వచ్చేముందు ఒక షరతు పెట్టింది. గండి దగ్గర ఉత్తర్వు మార్చాలి. వెంకోబయ్య అదే చేతిరాతతో, అంతే అందంగా, కొత్త ప్రతి రాశాడు. ఆడది అని ఉన్నచోట మగవాడు అని, మగవాడు అని ఉన్నచోట ఆడది అని మార్చాడు. ప్రతి మనిషీ అని ఉన్నచోట ప్రతి మగవాడూ అయింది, తక్కిన మాటలన్నీ అవే. చదివినప్పుడు ఇది మరీ కఠినంగా ఉందని ఆయనకే అనిపించిందట. అంతకు ముందు ప్రతి చదివినప్పుడు అట్లా అనిపించలేదు.

అప్పటి నుంచి ఈనాటి దాకా ఆ ఉత్తర్వు అమలులో ఉంది. పాళేలు పోయాయి, సరిహద్దు ఎన్నో మైళ్ల దూరం జరిగింది, గండెమ్మ దగ్గర ప్రశ్నలు మాత్రం ఆగలేదు. జవాబులు చెప్పిన మగవాళ్లు తియ్యబావి నుంచి ఒక కడవ నీళ్లు తోడి, భుజాన మోసుకొచ్చి అమ్మ రాయి మీద పోయాలి. తలా ఒక కడవ. తనకు బదులు భార్య చేత మోయించేవాళ్లను పూజారమ్మ తిప్పి పంపుతుంది. ప్రసాదంగా ఇచ్చే సున్నపుబొట్టు నుదుటన పెట్టుకుని వెళ్లిన ఇంట్లో కాన్పు సుఖంగా అవుతుందని, మాట తూలే అలవాటు ఉన్నవాళ్లకు అది తగ్గుతుందని నమ్మకం. రెండోది ఒక్కసారి వస్తే నయం కాదు, ఏటా రావాలి. నెలలు నిండినవాళ్లు ఎండలో ఇంత దూరం నడిచి రావద్దని మనవి. వాళ్ల తరఫున మొగుళ్లు వస్తే చాలు.

తిప్పక్క ఆ తరువాత గుమ్మనగుడ్డానికి తిరిగి రాలేదు. మూడేళ్లకు హిరేకల్లు వైపు నుంచి గోడ పై వరసల్లో పన్నెండు బారల మేర రాళ్లు ఊడబెరుక్కుపోయి, తియ్యబావి పక్కన తనకూ కూతురికీ రెండు గదుల ఇల్లు కట్టుకుంది. ఎవరినీ అడగలేదు.